బిస్కెట్ల డబ్బాలో స్ప్రింగులు

సంచి అడుగున బొంత ముక్క పరిచి ముందు వెబ్లీ రివాల్వరుని పెట్టాను. ఎప్పుడూ ముందు అదే వెళ్తుంది. దాని పక్కన కోల్టు, తరువాత స్మిత్ అండ్ వెస్సన్, వినగడప నుంచి వచ్చిన పొట్టి రివాల్వరు, ఆఖరున పేరులేని బెల్జియంది. ఒక్కొక్కదానికీ మెత్తని మల్లుగుడ్డ చుట్టి, దారంతో కట్టి, అరల్లోకి దించాను. ఐదు. మళ్ళీ చూశాను. ఐదే.

"అక్కా, పెళ్ళికూతురికి సారె సర్దుతున్నావా ఏంటి?" అంది నూర్‌బీ గుమ్మంలో నిలబడి.

"సారె అయితే తిరిగి రానక్కర్లేదు. ఇవి రావాలి."

"వస్తాయిలే. పోయినసారి రాలేదా?"

నూర్‌బీ ఇల్లు మా గోడకి అవతలే. కుట్టుమిషను పెట్టుకుని తిరువూరులో సగం మందికి జాకెట్లు కుడుతుంది. ఈ కాన్వాసు సంచి కూడా ఆవిడ కుట్టిందే. 1972 ఎన్నికలకి కుట్టింది, నిరుడు ఎన్నికలకి పట్టీలు మార్చింది, ఇప్పుడు మళ్ళీ వచ్చాయి. ఎన్నికలొస్తే లైసెన్సున్న ఆయుధాలన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలి. ఓట్ల లెక్కింపు అయిపోయి ఊరు చల్లబడ్డాక తిరిగిస్తారు. రూలు మంచిదే. కాని ఇంట్లోంచి ఏది గడప దాటినా తిరిగొచ్చేదాకా నేను లెక్కపెట్టుకుంటూనే ఉంటాను. నూర్‌బీ పక్క ఊరికి పెళ్ళికి వెళ్ళినా బస్సు వచ్చేదాకా వీధిలోకి చూస్తూ కూర్చుంటాను.

కానిస్టేబులు అంకారావు సైకిలు అరుగుకి ఆనించి లోపలికొచ్చాడు. నన్ను స్టేషన్‌దాకా తీసుకెళ్ళే పని అతనిది.

"ఏంటి మామ్మగారూ, మీ సైన్యం తయారేనా?"

"తయారే నాయనా. మజ్జిగ తాగుతావా?"

"తాగుతాను. అది సరేగాని, ఇన్నేళ్ళనుంచీ ఇన్ని రివాల్వర్లు పెట్టుకున్నారు, ఎప్పుడన్నా పేల్చారా?"

"ఒకసారి. తోటలో. మామిడికాయ రాలింది."

"అబ్బో, గురి బాగానే ఉందే!"

"గురా పాడా. కోతుల్ని బెదిరిద్దామని ఆకాశంలోకి పేల్చాను."

నూర్‌బీ నవ్వుతూ గోడకి జారగిలబడింది. అంకారావు మజ్జిగ గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు. "ఇంకెవరితోనూ అనకండి. మీకు భయపడి మీ తోటలోకి దొంగలు రావడం లేదు."

ఊళ్ళో నాకు రివాల్వర్ల మేరమ్మ అని పేరు. పిల్లలు వీధిలో కనపడితే వేలితో గురి చూసి టిక్కుమంటారు. నాకేం కోపం లేదు. అరవై నాలుగేళ్ళ ముసలిదాన్ని, ఒంటిదాన్ని, నాలుగెకరాల మామిడితోట, ఆదివారం గుడి, చదువుకోవడానికి దొరికిన ప్రతి కాగితం, ఈ ఐదూ. నా బతుకు బాగానే ఉంది.

ఇవి నా దగ్గరికి ఎలా వచ్చాయో చెప్పాలి. మా ఆయన బెజవాడలో తుపాకుల షాపులో మేస్త్రీ. పెళ్ళైన కొత్తలో మేము షాపు వెనకాల గదిలోనే ఉండేవాళ్ళం. పని ఎక్కువైనప్పుడు ఇంటికి తెచ్చుకునేవాడు. చాప మీద పాత పేపరు పరిచి, రివాల్వరు విప్పి, భాగాలు వరసగా పెట్టేవాడు. ఆ వరస చెడకుండా ఈగల్ని తోలడం నా పని. అలా ఈగల్ని తోలుతూ తోలుతూనే నేర్చుకున్నాను.

ఆయనకి డబుల్ యాక్షన్ రివాల్వర్లంటే ప్రాణం. అంతకు ముందు కాలపువాటికి బొటనవేలితో సుత్తి వెనక్కి లాగాలి, అప్పుడు ట్రిగ్గరు నొక్కాలి. ఒక గుండుకి రెండు పనులు. డబుల్ యాక్షన్‌లో ట్రిగ్గరు ఒక్కటి లాగితే చాలు. లాగుతుండగానే సుత్తి పైకి లేస్తుంది, గుండ్ల చక్రం సరిగ్గా ఒక ఇల్లు జరిగి ఆగుతుంది, సుత్తి పడుతుంది. ఇదంతా పిడి లోపల అరచేతి మందం చోట్లో జరగాలి. "వంటింట్లో నువ్వు పొంగే పాలు చూస్తూ, కూర కలుపుతూ, గడియ తీస్తావు చూడు, ఇదీ అంతే," అనేవాడు. నా చేతిలో ఖాళీది పెట్టి, కళ్ళు మూసుకుని లాగమనేవాడు. మంచి రివాల్వరు ట్రిగ్గరు మొదట్లో బరువుగా ఉండి, చివర్లో వెన్నలా జారుతుంది. మధ్యలో ఎక్కడా గరుకు తగలకూడదు. చక్రం ఆగే చప్పుడు ముందు వినపడాలి, సుత్తి చప్పుడు తరువాత. రెండూ కలిసిపోతే దానికి మళ్ళీ పని చెయ్యాలని అర్థం.

ఆయన వెళ్ళిపోయాక నేను మా నాన్న దగ్గరికి తిరువూరు వచ్చేశాను. చాలా ఏళ్ళ తరువాత తుపాకుల షాపు మూసేస్తూ దాని యజమాని సాహెబుగారు కబురు పెట్టారు. మా ఆయన చేతిమీదుగా బాగుపడిన వెబ్లీ ఒకటి ఉండిపోయింది, లైసెన్సు తెచ్చుకుంటే ఇస్తానన్నారు. తోటలో ఒంటరిగా ఉండేదాన్నని అర్జీ పెట్టుకున్నాను. బందరు కలెక్టరాఫీసు చుట్టూ ఏడాది తిరిగాను. మొదటిరోజు ఇంటికి తెచ్చి పిడి చెక్కలు విప్పితే, చెక్క లోపలివైపు చిన్న సిలువ, పక్కన ఒక అక్షరం గీసి ఉన్నాయి. తను పూర్తిగా విప్పి బాగుచేసిన ప్రతిదానికీ ఆయన పెట్టే గుర్తు అది. పైకి ఎవరికీ కనపడదు.

తరువాత ఒక్కొక్కటీ వచ్చాయి. విస్సన్నపేటలో హనుమాయమ్మగారని ఒకావిడ, భర్త పోయాక ఆయన కోల్టు చూస్తే భయమేసి వడ్ల గాదెలో పూడ్చిపెట్టింది. కొడుకులు అది మాకొద్దన్నారు. నేను వెళ్ళి అడిగి, కాగితాలు మార్పించుకుని తెచ్చుకున్నాను. నెలరోజులు పళ్ళు తోముకునే బ్రష్షుతో వడ్ల దుమ్ము దులిపాను. లోపల గుర్తు ఉంది. పొట్టిదానికీ ఉంది. స్మిత్ అండ్ వెస్సన్‌కి లేదు, బెల్జియందానికీ లేదు. లేకపోయినా తీసుకున్నాను. స్మిత్ అండ్ వెస్సన్ ట్రిగ్గరు అంత మెత్తనిది నేనెక్కడా చూడలేదు. బెల్జియందాన్ని ఎవరూ తీసుకోరని తీసుకున్నాను. దాని ట్రిగ్గరు లాగాలంటే ఎద్దుని లాగినట్టే.

ఇక అసలు సంగతి. అంకారావు రాకముందు, తలుపు గడియ వేసుకుని నేను చేసిన పని ఒకటుంది. ఐదింటికీ పిడి చెక్కలు విప్పి, సుత్తిని తోసే పెద్ద స్ప్రింగు తీసేసి, చెక్కలు మళ్ళీ బిగించేశాను. స్ప్రింగులు ఐదూ ఐదు రంగుల జాకెట్టు పీలికల్లో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. ఆ డబ్బాలోనే మా ఆయన స్క్రూడ్రైవరు కూడా ఉంటుంది.

ఇది ఆయన పద్ధతే. షాపులోంచి ఏ ఆయుధమైనా పరాయిచోట ఉంచాల్సి వస్తే స్ప్రింగు తీసి దగ్గర పెట్టుకునేవాడు. "దాని ప్రాణం మన దగ్గరుంటే అది ఎవడి మాటా వినదు. మన దగ్గరికే రావాలి. కాని ఈ సంగతి ఎవరితోనూ అనకూడదు, అంటే దొంగ కూడా స్ప్రింగు తెచ్చుకుంటాడు," అనేవాడు. నేనెవరితోనూ అనలేదు. 1972లోనూ, నిరుడూ అలాగే చేశాను. నూర్‌బీకి కూడా చెప్పలేదు, ఆవిడ పీలికలే వాడుకుంటూ.

స్టేషన్లో నంబర్లు చూసుకుని రసీదు రాసిచ్చారు. నేను చదువుకున్నాను. "ఐదు రివాల్వర్లు, సంపూర్ణముగా" అని ఉంది. ఆ ఆఖరి మాట దగ్గర కాస్త ఆగాను. తరువాత మడిచి జాకెట్లో పెట్టుకుని వచ్చేశాను.

ఫిబ్రవరి అంతా మామిడిపూత చూసుకుంటూ గడిచింది. నవంబరు తుఫానుకి సముద్రం పక్క ఊళ్ళు కొట్టుకుపోయాయి గాని మావైపు తోటలు నిలబడ్డాయి. ఆ ఏడు పూత బాగా పట్టింది. ఓటు వేసి వచ్చాను. రోజూ పొద్దున్నే డబ్బా మూత తీసి పీలికలు ఐదూ ఉన్నాయో లేవో చూసి మూసేదాన్ని. స్ప్రింగులు ఇక్కడుంటే రివాల్వర్లు వస్తాయి. ఆ ధైర్యం మీద బాగానే నిద్రపట్టేది.

మార్చి పదిన, శుక్రవారం, అంకారావు వచ్చాడు. మజ్జిగ అడగలేదు. చేతిలో కాగితం ఉంది.

"మామ్మగారూ, రేపొకసారి స్టేషన్‌కి రావాలి. సంతకం పెట్టాలి."

"తీసుకెళ్ళడానికా?"

"కాదండీ." అతను తల గోక్కున్నాడు. "బందరు నుంచి ఆయుధాలు తనిఖీ చేసే ఆర్మరర్ గారు వచ్చారు. స్టేషన్లలో ఉన్న ఆయుధాలన్నీ విప్పకుండానే లాగి చూస్తున్నారు. పనికిరానివి ఏరి తీసుకెళ్ళి విరగ్గొట్టేస్తారంట. మీవి ఐదూ పనికిరానివని రాశారు. ట్రిగ్గరు లాగితే వేలాడుతోందంట, సుత్తి పడటంలేదంట. పాడైపోయినవాటికి లైసెన్సెందుకు అని..."

కాగితం నా చేతికిచ్చాడు. "నిరుపయోగము. ధ్వంసమునకు." నేను రెండుసార్లు చదివాను. అంకారావు నాకు చదువు రాదనుకుని పక్కనుంచి చదవబోయాడు.

"వచ్చు నాయనా," అన్నాను.

చదువు నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన దగ్గర్నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడూ గుళ్ళో ప్రార్థనలు చెప్పే ఉపదేశిగారి చేత చదివించుకున్నాను. ఎన్నిసార్లు చదివించుకున్నానంటే కంఠతా వచ్చేసింది. తరువాత ఉత్తరం ముందు పెట్టుకుని, నోటికొచ్చిన మాటని కాగితం మీది గీతలతో జతచేసుకుంటూ పోయాను. "మేరమ్మకి" అన్న నాలుగు అక్షరాలు ముందు వచ్చాయి. మిగతావి రెండేళ్ళు పట్టాయి. నేను చదవడం నేర్చుకున్నాక ఇంక ఉత్తరాలు రాలేదు.

అంకారావు వెళ్ళగానే కాగితం పట్టుకుని అరుగు మీదే కూర్చున్నాను. నూర్‌బీ మిషను ఆపి గోడ అవతల్నుంచి కేకేసింది. వచ్చి చూసింది. డబ్బా తీసి ముందు పెట్టి అంతా చెప్పేశాను. ఆవిడ పీలికలు ఒక్కొక్కటే విప్పి చూసింది.

"ఇది పోస్టుమాస్టరు గారి భార్య జాకెట్టు ముక్క. యా అల్లా, దీంట్లో తుపాకీ స్ప్రింగు పెట్టావా!"

"నవ్వకే తల్లీ. నేనే చంపుకున్నాను వాటిని. ఆయన మాట అని మూసి పెట్టుకుని, చేతులారా."

"చావలేదుగా ఇంకా. రేపు తీసుకెళ్ళి బిగించెయ్యి."

"సంపూర్ణముగా అని రాసిన రసీదు మీద నేను వేలిముద్ర కాదు, సంతకం పెట్టాను. అబద్ధం ఆడినట్టేగా. లైసెన్సే తీసేస్తే?"

"తీసేస్తే తీసేశారు. బిగించకపోతే మాత్రం విరగ్గొట్టడం ఖాయం. ఏది నయం?" అంది నూర్‌బీ. ఆవిడ ఎప్పుడూ గుడ్డ కత్తిరించినట్టే మాట్లాడుతుంది.

శనివారం పొద్దున పది గంటలకి ఇద్దరం రిక్షాలో వెళ్ళాం. ఒళ్ళో డబ్బా. స్టేషన్ ముందు జీపు ఉంది, వెనకభాగంలో చెక్కపెట్టె. నూర్‌బీ మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది.

లోపల బల్ల మీద నావి ఐదూ వరసగా పడున్నాయి. గుడ్డలు తీసేశారు. బల్లకి అటు ఎస్సై గారు, కుర్రాయన. ఇటు ఆర్మరర్ టీ తాగుతున్నారు. ఆయన పేరు ప్రభుదాసు అని అంకారావు గుమ్మంలో చెప్పాడు. హెడ్ కానిస్టేబులు, నెరిసిన మీసం, వేళ్ళ సందుల్లో నూనె నలుపు. ఆ నలుపు చూశాక కొంచెం ఊపిరి ఆడింది. అది ఎంత తోమినా పోదు, నాకు తెలుసు.

"రండి మామ్మగారూ, ఇక్కడ సంతకం," అన్నారు ఎస్సై.

"అవి పాడవలేదు బాబూ," అన్నాను. "స్ప్రింగులు నా దగ్గరున్నాయి." డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టాను.

ఎస్సై పీలికల వంకా నా వంకా చూశారు. "అంటే? మీరే తీసేశారా? అప్పగించే ముందు?"

"అవును బాబూ."

"ఎందుకు?"

"ఎవరూ ఆడుకోకుండా."

అంకారావు దగ్గు వచ్చినట్టు నోరు మూసుకున్నాడు. ఎస్సై ముఖం ఎర్రబడింది. "మా దగ్గర ఆడుకోవడానికి ఎవరున్నారండీ? రసీదు మీద సంపూర్ణముగా అని ఉంది. ఇది ఎంత తప్పో తెలుసా? నేనిప్పుడు దీన్ని ఏమని రాయాలి? కూర్చోండి. స్టేట్‌మెంటు రాయాలి. పేరు?"

"మేరమ్మ."

"భర్త పేరు?"

నేను నేల చూశాను. ఎస్సై కలం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నూర్‌బీ వెనకనుంచి, "జోజప్ప అండీ. మా అక్క చెప్పదు. ఏనాడూ చెప్పలేదు," అంది.

ప్రభుదాసు టీ గ్లాసు కింద పెట్టారు. "సార్, స్టేట్‌మెంటు తరువాత రాద్దాం. అమ్మా, ఈ స్ప్రింగులు తీసిందెవరు? చేతులతో తీశారా?"

"నేనేనండీ."

"వెబ్లీది కూడా? అది నేను తీస్తేనే వేలు తెగుతుంది." ఆయన నన్ను పైనుంచి కిందదాకా చూశారు. "బిగించగలరా మరి? బిగించి ఆడిస్తే నేను రాసిన కాగితం చించేస్తాను. ఆడకపోతే సార్ ఇష్టం."

ఎస్సై కలానికి మూత పెట్టారు. బల్ల మీద పేపరు ఒకటి అడిగి పరిచాను. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. స్క్రూడ్రైవరు తీశాను. దాని పిడి మా ఆయన వేళ్ళకి అరిగిపోయి ఉంటుంది, నా వేళ్ళు అందులో కూర్చుంటాయి.

పచ్చ పీలిక, స్మిత్ అండ్ వెస్సన్. అది తేలిక. చెక్కలు విప్పి, స్ప్రింగు కొస సుత్తి కొక్కేనికి తగిలించి, అడుగు దాని గాడిలోకి నెట్టి, ముందున్న చిన్న స్క్రూ బిగించాను. ట్రిగ్గరు లాగాను. సుత్తి లేచింది, చక్రం తిరిగింది, పడింది. గదిలో అందరికీ వినపడింది. ప్రభుదాసు తల ఒక పక్కకి వంచి విన్నారు.

"ఇంకొకసారి."

లాగాను. ఆరు ఇళ్ళూ తిరిగేదాకా లాగించారు.

తరువాత పొట్టిది. తరువాత కోల్టు. కోల్టు స్ప్రింగు పట్టకారు కొసల్లా రెండు కొమ్ములది. దాన్ని నొక్కిపట్టి, సన్నమేకు అడ్డం పెట్టి లోపలికి దించి, మేకు లాగెయ్యాలి. అదీ అయింది. చెమట కళ్ళలోకి కారుతుంటే నూర్‌బీ కొంగుతో తుడిచింది.

వెబ్లీ దగ్గర వచ్చింది కష్టం. దాన్ని ముందే చేసెయ్యాల్సింది, ఇప్పటికి వేళ్ళు అలిసిపోయి ఉన్నాయి. స్ప్రింగు నొక్కాను, మేకు పెట్టబోయాను, మేకు జారింది. టంగుమని స్ప్రింగు ఎగిరింది. ఎస్సై చటుక్కున తల వంచారు. అది ఆయన టోపీ మీదనుంచి పోయి ఎక్కడో పడింది, ఎక్కడో తెలియలేదు.

"కదలకండి ఎవరూ!" అన్నారు ప్రభుదాసు. "తొక్కితే వంగుతుంది."

ఇద్దరు కానిస్టేబుళ్ళు, అంకారావు, ఆఖరికి ఎస్సై గారు కూడా నేల మీదికి వంగారు. బీరువా కింద చీపురుపుల్లతో లాగితే ఒక బొత్తాము, రెండు బీడీముక్కలు, ఎండిన తేలు వచ్చాయి.

"ఈ బీడీలు ఎవరివి?" అన్నారు ఎస్సై, మోకాళ్ళ మీదుండే.

అంకారావు చీపురుపుల్ల బీరువా కిందికి ఇంకొంచెం తోశాడు.

నేను కుర్చీలోనే ఉండిపోయాను. అన్నీ బిగిసి అదొక్కటే పోతుందని నాకు అప్పుడే తెలిసిపోయినట్టయింది. ఐదింట్లోకీ అదే మొదటిది. ఆయన చేతిది. నా నోట్లో జపం తిరుగుతోంది గాని మాటలు గుర్తు రావడంలేదు.

"అక్కా," అంది నూర్‌బీ మెల్లిగా, "నీ కుచ్చెళ్ళు విదిలించు."

విదిలించాను. చీర కుచ్చెళ్ళలోంచి స్ప్రింగు నా పాదం మీద పడింది. గోడకి తగిలి తిరిగొచ్చి నా దగ్గరే పడిందన్నమాట. అంకారావు గట్టిగా నవ్వాడు. ఎస్సై మోకాళ్ళు దులుపుకుంటూ లేచి, నవ్వకూడదని మీసం తడుముకున్నారు. ఆయనకి ఇంకా సరిగా మీసం లేదు.

రెండోసారి ప్రభుదాసు గారు మేకు పట్టుకున్నారు. "మీరు నొక్కండమ్మా, నేను పెడతాను." పెట్టారు. దిగింది. నేను వెబ్లీ ట్రిగ్గరు లాగాను. చక్రం ఆగిన చప్పుడు ముందు, సుత్తి చప్పుడు తరువాత. వేరువేరుగా, శుభ్రంగా.

బెల్జియందాన్ని బిగించడం తేలికే గాని లాగడానికి నా చూపుడువేలు చాలలేదు. ఎస్సై చూస్తున్నారు. నేను రెండు వేళ్ళు పెట్టి, పళ్ళు బిగించి లాగాను. సుత్తి లేచి పడింది. "దీనికి ఇదే స్వభావమండీ," అన్నాను. ప్రభుదాసు తీసుకుని తనూ ఒకసారి లాగి, వేలు విదిలించుకున్నారు.

ఆయన వెబ్లీ చెక్క తిరగేసి చూస్తున్నారు. లోపలివైపు గుర్తు కిటికీ వెలుగులో పట్టి చూశారు. "సిలువా, జో. ఇది నేను చూశానే. బందరు పోలీసు లైన్సులో పాత రివాల్వరు ఒకటుంది, దాని చెక్కలోనూ ఇదే ఉంది. ఎవరా అనుకునేవాణ్ణి. దానికి ఇరవై ఏళ్ళుగా ఎవరూ చెయ్యి పెట్టాల్సిన పని రాలేదు."

ఆయన గుర్తున్నవి నా దగ్గరున్న మూడే అనుకున్నాను. బందరులో ఇంకొకటి ఉంది, అదీ బాగానే ఆడుతోంది. ఇప్పటికీ తోటలో నీళ్ళు పెడుతూ ఆ మాట తలుచుకుంటాను.

ఆయన "నిరుపయోగము" కాగితం నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశారు. ఇంకొకటి రాసి ఎస్సై ముందు పెట్టారు. ఎస్సై చదివి, నా వంక చూసి, "వచ్చే ఎన్నికలకి స్ప్రింగులు తీస్తే రసీదులో రాయించండి మామ్మగారూ. స్ప్రింగులు లేవు అని. అర్థమైందా? లేకపోతే నిజంగానే కేసు రాస్తాను," అన్నారు.

"రాయిస్తాను బాబూ."

"తీయకుండా ఉంటే ఇంకా మంచిది."

నేను మల్లుగుడ్డలు వెతుక్కోవడం మొదలుపెట్టాను.

సంచిలో సర్దుతుంటే ప్రభుదాసు స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నారు. కొస వేలితో తడిమారు. "ఇది బజారుది కాదు. చేత్తో అరగదీసింది. ఇలాంటిది ఉంటే మేస్త్రీ ఎక్కడికీ వదిలి వెళ్ళడే. మీకెలా వదిలారమ్మా?"

"ఉండిపోయిందండీ," అన్నాను.

రిక్షాలో నూర్‌బీ సంచిని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మెయిన్ రోడ్డు మీద అందరికీ వినపడేలా, "మా అక్క ఎస్సైని మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది," అని కనపడినవాళ్ళందరికీ చెప్పింది. ఇంటికొచ్చి గుడ్డలు మార్చాను, ఒక్కో చుక్క నూనె వేశాను, బీరువాలో వాటి చోట్ల వాటిని పెట్టాను. నూర్‌బీ సేమ్యా పాయసం చేసి పంపింది. అంకారావు సాయంత్రం వచ్చి రెండు గ్లాసుల మజ్జిగ తాగి వెళ్ళాడు. ఖాళీ అయిన డబ్బాలో స్క్రూడ్రైవరు ఒక్కటే పెట్టి మూత వేశాను.

ప్రభుదాసు గారికి నేను సగమే చెప్పాను. అది ఉండిపోలేదు. యుద్ధానికి తుపాకుల మేస్త్రీలు కావాలని పిలిస్తే ఆయన పేరిచ్చాడు. వెళ్ళేరోజు సంచి నేనే సర్దాను. రెండు చొక్కాలు, దుప్పటి, జపమాల, పనిముట్ల గుడ్డచుట్ట. చుట్ట విప్పి, ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన ఆ స్క్రూడ్రైవరు తీసి, బిస్కెట్ల డబ్బాలో దాచి, చుట్ట మళ్ళీ కట్టేశాను. ప్రాణం మన దగ్గరుంటే మన దగ్గరికే రావాలని ఆయనే అన్నాడు కదా అని. మూడో ఉత్తరం సింగపూరు నుంచి వచ్చింది. అందులో, "నా సన్నకొస స్క్రూడ్రైవరు ఇంట్లోనే మరిచిపోయినట్టున్నాను, జాగ్రత్తగా ఉంచు, వచ్చి తీసుకుంటాను," అని ఉంది. ఉపదేశిగారు ఆ ముక్క చదివినప్పుడు నేను తల ఎత్తలేదు.

రివాల్వర్లు ఐదూ 1978 మార్చి పదకొండు, శనివారం మధ్యాహ్నం ఇంటికి వచ్చాయి. జోజప్ప 1941 అక్టోబరు ఆరు, సోమవారం బెజవాడలో రైలెక్కాడు. తిరిగి రాలేదు.